గాలితో చల్లబడు యంత్రము

పల్నాడు జిల్లా యడ్లపాడు మండలమున కొండవీడు కలదు. 14వ శతాబ్దమున రెడ్డిరాజులు దీనిని రాజధానిగా జేసికొని, కొండపై దుర్గమును బలపరచిరి. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును జయించెను. నేడు కొండనెక్కి చూచువారికి బురుజులు, ప్రాకారములు, శిథిలమైన మండపములు కానవచ్చును. వానికంటె ఎక్కువ ఆశ్చర్యము గొలుపునవి కొండపైనున్న మూడు చెరువులు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు ఈ సీమలో, వాన నీటిని కొండపైననే నిలువజేసి, దుర్గమున నుండువారికి సమకూర్చిన ఆనాటి పనివారి నేర్పు మెచ్చదగినది. దుర్గమునకు శత్రుసేనకంటె దాహమే పెద్ద శత్రువని వారెరుగుదురు.

మోటారుకారు యంత్రమునకును ఇట్టి శత్రువొకటి కలదు. అది వేడి.

కారు యంత్రమున పెట్రోలు మండునప్పుడు సిలిండరులోని వాయువుల వేడి క్షణకాలము 2,000 డిగ్రీల సెంటీగ్రేడును దాటును. ఆ సిలిండరులో ముందు వెనుకలకు కదలాడు పిస్టను అల్యూమినియముతో చేయబడినది. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. పుట్టిన వేడిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పుటకు పనికివచ్చును. మిగిలిన వేడి కొంత పొగగొట్టము ద్వారా, కొంత యంత్రపు గోడల ద్వారా బయటికి పోవలయును. పోనిచో యంత్రము తన వేడిచేత తానే నశించును.

వేడిని తొలగించుటకు రెండు మార్గములు కలవు. మొదటిది నీరు. మన దేశమున చిరకాలము తిరిగిన అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లు ఈ తెగకు చెందినవి. వానిలో సిలిండర్ల చుట్టును నీరు ప్రవహించి, వేడిని గ్రహించి, ముందుభాగమున నున్న రేడియేటరులో చల్లబడి, తిరిగి వచ్చుచుండును. రెండవది గాలి. బుల్లెట్ మోటారుసైకిలు సిలిండరును చూచినవారికి దాని చుట్టును పలుచని లోహపు రెక్కలు వరుసగా కనిపించును. ఆ రెక్కలవలన గాలి తగులు వైశాల్యము పెరిగి, వేడి త్వరగా పోవును. మిరపతోటలలో రైతులు వీపున గట్టుకొని మందు చల్లు యంత్రము కూడ ఇట్టిదే. అందు నీరు లేదు, రేడియేటరు లేదు, గాలియే దాని నీరు.

ఈ రెండవ పద్ధతిలో నడచిన కార్లలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినది వోక్స్‌వాగన్ బీటిల్. 1930 దశకమున జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షె అను ఇంజనీరు దీనిని రూపొందించెను. సామాన్య కుటుంబము కొనగలుగు కారు కావలయుననియు, కారుకొక గది కట్టుకొనలేనివాడు దానిని ఆరుబయట నుంచినను చెడరాదనియు ఆనాటి సంకల్పము. ఆ దేశపు చలికాలమున నీరు గడ్డకట్టి యంత్రమును పగులగొట్టును. గాలి గడ్డకట్టదు, మరగదు, కారిపోదు. కావున గాలినే నమ్ముకొనిరి. 1938లో ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగినను, మరుసటి యేడే యుద్ధము వచ్చుటచే సామాన్యునకు కారు చేరలేదు. యుద్ధము ముగిసిన పిదప, 1945లో, బ్రిటిషు సైన్యమునకు చెందిన మేజర్ ఐవన్ హర్స్ట్ శిథిలమైన ఆ ఫ్యాక్టరీని తిరిగి నడపించెను. 1972 ఫిబ్రవరి 17వ తేదీన ఈ కార్ల సంఖ్య 1,50,07,034కు చేరి, అంతవరకు ఫోర్డు కంపెనీవారి టి నమూనాకు ఉన్న రికార్డును దాటెను. 2003 జూలై 30న మెక్సికో దేశపు ప్యూబ్లా నగరమున చివరి కారు వెలువడునప్పటికి మొత్తము 2,15,29,464 కార్లు తయారయ్యెను.

ఈ కారు మన దేశమున తయారు కాలేదు. విదేశములనుండి వచ్చినవి కొన్ని మాత్రమే ఇక్కడ తిరిగినవి. అయినను దీని యంత్రమును గూర్చి తెలిసికొనుట లాభకరము. ఏలయన, సామాన్యుడు తన ఇంటిలో, తన చేతులతో విప్పి, బాగుచేసి, తిరిగి కూర్చుకొనదగిన యంత్రములలో దీనికి అగ్రస్థానము కలదు. అమెరికాలో విమాన పరిశ్రమలో ఇంజనీరుగా నుండిన జాన్ మ్యూర్ అనునతడు ఆ యుద్యోగము వదలి, న్యూ మెక్సికో రాష్ట్రమున నివసించుచు, ఈ కార్లను బాగుచేయు విధానమును ఒక పుస్తకముగా వ్రాసి 1969లో ప్రకటించెను. ‘హౌ టు కీప్ యువర్ వోక్స్‌వాగన్ అలైవ్’ అని దాని పేరు. పానా పట్టి యెరుగనివాడు కూడ చదివి పని చేయునట్లు అతడు దానిని వ్రాసెను. పీటర్ ఆష్వాండెన్ దానికి బొమ్మలు గీసెను. దాని సాయముతో ఎందరో తమ ఇండ్లలోనే యంత్రములను విప్పి కట్టిరి.

అట్టి కారొకటి కొండవీటి దిగువ గ్రామమున ఒక ఇంట నున్నదనుకొందము. ఆ ఇంటి పెద్ద, ఒక తాత, దానిని మదరాసులో నొకరి వద్ద పాతదిగా కొని తెచ్చెను. అది 1968 నాటిది. 1493 ఘన సెంటీమీటర్ల యంత్రము కలది. కొన్ని యేండ్లు చక్కగా తిరిగి, ఒక వేసవిలో ఎదురెండలో దడదడ శబ్దము చేసి ఆగిపోయెను. నాటినుండి పశువుల కొట్టము ప్రక్కన దుమ్ము కప్పుకొని యుండెను. వేసవి సెలవులకు వచ్చిన మనుమడు, ఎనిమిదవ తరగతి బాలుడు, దానిని చూచి మేనమామ నడిగెను.

“మామయ్యా! ఇది మరల నడవదా?”

“విప్పి చూడక చెప్పలేము, అబ్బాయీ. ఓపిక యున్నచో మన మిరువురమే చూడవచ్చును.”

తాత వసారాలో కూర్చుండి ఆ మాటలు వినెను. “కొండమీదికి కనుమదారి వేసినారట కదా! నా చిన్ననాట మెట్లదారిని నడచి యెక్కితిని. ఇక కాళ్లు రావు. అది నడచినచో ఒకసారి పైకి పోయి చూతును” అనెను.

ఆ మాటతో పని ప్రారంభమయ్యెను.

మొదట మామయ్య బ్యాటరీ తీగను విప్పి, పెట్రోలు ట్యాంకును ఖాళీచేసి, ఆ డబ్బాను దూరముగా పెట్టించెను. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు. చిన్న నిప్పురవ్వ చాలును. పిదప స్పార్కు ప్లగ్గులను తీసి, ఒక్కొక్క రంధ్రముపై బొటనవ్రేలు గట్టిగా నుంచుమని మేనల్లునకు చెప్పి, తాను యంత్రమును చేతితో త్రిప్పెను. మూడు సిలిండర్లలో గాలి బాలుని వ్రేలిని పైకి నెట్టెను. మూడవ సంఖ్య గల సిలిండరులో మాత్రము ఏమియు నెట్టలేదు.

“ఇదే ఆగినది, మామయ్యా!”

“ఎచ్చట ఆగెనో తెలిసినది. ఎందుకు ఆగెనో తెలియవలయును. అది తెలియక కట్టినచో మరల ఇట్లే ఆగును.”

ఈ కారు యంత్రము వెనుకభాగమున నుండును. గేరుపెట్టెకు దానిని పట్టియుంచునవి నాలుగు బోల్టులు మాత్రమే. నీటిగొట్టములు లేవు కనుక విప్పవలసినవి కొలది తీగలు, పెట్రోలు గొట్టము, వేడిగాలి గొట్టములు. యంత్రము బరువు సుమారు 110 కిలోలు. కారు వెనుకభాగమును ఎత్తి దృఢమైన దిమ్మలపై నిలిపి, యంత్రము క్రింద జాకీనుంచి, మెల్లగా దించి, వెనుకకు లాగిరి. జాకీని నమ్మి కారు క్రిందికి పోరాదని మామయ్య ముందే హెచ్చరించెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు.

విప్పుటకంటె, విప్పినదానిని జ్ఞాపకముంచుకొనుట కష్టము. అందుచే అమ్మమ్మ వద్ద ఖాళీ సీసాలను అడిగి తెచ్చి, ఒక్కొక్క భాగమునకు చెందిన బోల్టులను, నట్టులను వేరువేరు సీసాలలో వేసి, కాగితముపై పేరు వ్రాసి అంటించిరి. ఏ రేకు దేనిపై నుండెనో బాలుడు నోటుపుస్తకమున బొమ్మ గీసికొనెను. మధ్యాహ్నపు టెండలో వేపచెట్టు నీడకు చేరి, కిరసనాయిలుతో ఒక్కొక్క భాగమును కడిగి, గుడ్డతో తుడిచి, వరుసగా పేర్చుచుండిరి.

సిలిండరు తలను, అనగా దాని మూతను, విప్పినప్పుడు రోగము బయటపడెను. మూడవ సిలిండరు పొగ వాల్వు అంచు కాలి, ఒక మూల ముక్క యెగిరిపోయియుండెను.

వాల్వు ఎందుకు కాలినదో మామయ్య ఇట్లు వివరించెను. పొగ వాల్వు తగులు వేడి అత్యధికము. మూసికొన్నప్పుడు అది తన పీఠమును గట్టిగా తాకి, ఆ స్పర్శ ద్వారా తన వేడిని తలకు అప్పగించును. వాల్వును నొక్కు మీటకును వాల్వునకును నడుమ స్వల్పమైన ఎడము ఉండవలయును. ఈ యంత్రమునకు ఆ ఎడము 0.15 మిల్లీమీటరు, అనగా ఒకటిన్నర కాగితముల మందము. వాల్వు కాలక్రమమున సాగి, పీఠము అరిగి, ఆ యెడము తరిగిపోవును. అప్పుడు వాల్వు పూర్తిగా మూసికొనదు, పీఠమును తాకదు, వేడిని విడువలేదు, కాలిపోవును. అందుచేతనే ఆ యెడమును నియమముగా, యంత్రము చల్లగానున్నప్పుడు, కొలిచి సరిచేయవలయును.

“అన్ని సిలిండర్లకును ఎడము తరుగును గదా! మూడవదే ఏల కాలినది?” అని బాలుడడిగెను.

అది మంచి ప్రశ్న. ఈ యంత్రమున పెద్ద పంకా యొకటి పైనుండి గాలిని పీల్చి, రేకుల గూడుద్వారా నాలుగు సిలిండర్లపైకి పంపును. యంత్రపు నూనెను చల్లబరచు చిన్న సాధనము కూడ ఆ గూడులోనే, సరిగా మూడవ సిలిండరునకు పైన, గాలికి అడ్డముగా నుండును. అందుచే మూడవదానికి వచ్చు గాలి తక్కువ. వచ్చినదియు కొంత వేడెక్కినదే. ఈ లోపమును తయారుచేసినవారే గుర్తించి, 1971 నాటి నమూనాలలో ఆ సాధనమును ప్రక్కకు జరిపి, దానికి వేరుగా గాలిదారి నేర్పరచిరి. ఈ కారు అంతకు ముందటిది.

అయినను ఆ పాత నమూనా కార్లు లక్షలు చక్కగానే నడచినవి. కావున మరియొక కారణ ముండవలయునని మామయ్య వెదకెను. బాలుడు తాను గీసిన బొమ్మలను పుస్తకములోని బొమ్మలతో పోల్చి చూచెను. సిలిండర్ల క్రిందుగా, రెండింటి నడుమ, ఒక చిన్న వంకర రేకు ఉండవలయునని పుస్తకమున కలదు. కుడివైపున అది యున్నది. మూడవ సిలిండరు గల ఎడమవైపున లేదు.

“ఇచ్చట రేకు లేదు, మామయ్యా! మనము పోగొట్టితిమా?”

సీసాలన్నియు వెదకిరి, దొరకలేదు. స్క్రూ లుండవలసిన చోట పాత దుమ్ము గట్టిపడి యుండెను. పూర్వ మెన్నడో ఎవరో మరమ్మతు చేయుచు, చిన్న రేకే కదా యని, దానిని పారవేసిరి. ఆ రేకు లేనిచో పైనుండి వచ్చిన గాలి సిలిండరు అడుగుభాగమును చుట్టుకొనక, తిన్నగా క్రిందికి జారిపోవును. సిలిండరు పైభాగము చల్లబడును, అడుగుభాగము కాగుచుండును. దోసెడు రేకు, రెండు స్క్రూలు, ఆదా అయినది పది నిముషముల కాలము. పోయినది ఒక యంత్రము.

“ఆ పని చేసినవారికి రేకు పోయినదని తెలిసియే యుండును” అనెను మామయ్య. “కాని పైకి కనబడదు. కారు ఆనాడు నడచినది. అడుగువారు లేరు.”

ఇక కావలసిన వస్తువుల జాబితా తయారయ్యెను. ఈ యంత్రములకు భాగములు నేటికిని పలుదేశములలో తయారగుచున్నవి, పార్సెలులో తెప్పించుకొనవచ్చును. పిస్టన్లు నాలుగు, సిలిండర్లు నాలుగు, రింగులు, బేరింగులు, వాల్వులు, రబ్బరు వలయములు, ఆ చిన్న రేకు తెప్పించిరి. సిలిండర్లు ఒక్కొక్కటి విడివిడిగా నుండుటచే పాతవానిని తీసి క్రొత్తవి యుంచవచ్చును. ఇది ఈ యంత్రపు గొప్ప సౌకర్యము. వాల్వు పీఠములను సానబట్టుట, క్రాంకుషాఫ్టును కొలుచుట ఇంటిలో చేయు పనులు కావు. వానిని విజయవాడ ఆటోనగరుకు తీసికొనిపోయి, అనుభవజ్ఞుడగు లేతు పనివానిచే చేయించిరి. తన చేతనగు పనిని తాను చేయుట యెంత ముఖ్యమో, తన చేతకాని పనిని నేర్చినవానికి అప్పగించుటయు నంత ముఖ్యము. ఆ పనివాడు షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచి, అరుగుదల హద్దులోనే యున్నదని చెప్పెను.

పిదప కూర్పు ప్రారంభమయ్యెను. యంత్రపు పెట్టె మెగ్నీషియము మిశ్రలోహముతో చేయబడి, పుస్తకమువలె రెండు సగములుగా విడిపోవును. నడుమ క్రాంకుషాఫ్టు నాలుగు బేరింగులపై తిరుగును. ఒక్కొక్క బేరింగునకు చిన్న రంధ్ర మొకటి కలదు. పెట్టెలోనుండి పైకి వచ్చిన మేకువంటి ముక్క ఆ రంధ్రమున దూరవలయును. అప్పుడు బేరింగు తన చోటనుండి కదలదు. బేరింగును అటునిటు త్రిప్పుచుండగా, రంధ్రము మేకుపై పడినప్పుడు ‘టక్’ మని చిన్న శబ్దము వచ్చును. అది చెవికి వినబడవలయును, చేతికి తెలియవలయును.

చక్రము వైపు నున్న మొదటి బేరింగును కూర్చు బాధ్యత బాలునిది. మిగిలినవి మామయ్య చూచెను. క్రాంకుషాఫ్టు పండ్లచక్రముపై రెండు చుక్కలు, కాముషాఫ్టు పండ్లచక్రముపై ఒక చుక్క గుర్తులుగా నుండును. ఆ ఒక చుక్క రెండు చుక్కల నడుమ వచ్చునట్లు ఉంచవలయును. తప్పినచో వాల్వులు వేళకు తెరచుకొనవు. ఆ గుర్తులను ఇరువురును రెండుమారులు చూచుకొనిరి. అంచులకు జిగురుమందు పూసి, రెండవ సగమును పైనుంచి, ఆరు పెద్ద నట్టులను పుస్తకమున చెప్పిన వరుసలో, కొంచెము కొంచెముగా బిగించిరి. ఒక్కొక్కసారి బిగించిన పిదప షాఫ్టును చేతితో త్రిప్పి చూడవలయునని నియమము.

చివరి బిగింపు తరువాత మామయ్య షాఫ్టును త్రిప్పెను. తిరిగెను, కాని బరువుగా తిరిగెను.

అప్పటికి రాత్రి తొమ్మిది దాటెను. చేతులు నల్లబడి, నడుములు నొచ్చుచుండెను. మామయ్య మరియొకసారి త్రిప్పి, “క్రొత్త బేరింగులు కదా! నడచినకొలది సర్దుకొనునేమో!” అనెను.

బాలుడు మాటాడలేదు. మొదటి బేరింగును కూర్చినప్పుడు అమ్మమ్మ భోజనమునకు పిలిచెను. తొందరలో బేరింగును త్రిప్పి, కూర్చుండినట్లే యున్నదనుకొని వదలెను. ‘టక్’ మను శబ్దమును తాను వినలేదు. వినలేదని తనకు తెలియును. తనకు తప్ప మరెవరికిని తెలియదు. ఇప్పుడు చెప్పినచో ఆరు నట్టులు, అంచులవెంట చిన్న నట్టులు అన్నియు విప్పవలయును. రోజంతయు చేసిన పని పోవును. చెప్పకున్న సర్దుకొనునేమో! మామయ్యే ఆ మాట అన్నాడు గదా!

గోడప్రక్కన క్రొత్తగా వచ్చిన చిన్న వంకర రేకు దీపపు వెలుతురులో మెరయుచుండెను. బాలుని చూపు దానిపై బడెను.

“మామయ్యా! మొదటి బేరింగు మేకుపై కూర్చుండినదో లేదో నేను సరిగా చూడలేదు. శబ్దము వినలేదు.”

మామయ్య కొంతసేపు ఊరకుండెను. పిదప పానాను తీసికొని మొదటి నట్టును వదులు చేసెను. కోపపడలేదు; మెచ్చుకొననులేదు. దీపమును దగ్గరగా పట్టుమని మాత్రము చెప్పెను.

పెట్టె తెరచునప్పటికి పదకొండు గంటలయ్యెను. మొదటి బేరింగు రంధ్రము మేకునుండి వ్రేలెడు దూరమున నుండెను. మేకు బేరింగు వీపున గ్రుచ్చుకొని, లోపలి నునుపైన తలమున చిన్న బుడిపె లేచియుండెను. అదృష్టవశమున మేకునకుగాని పెట్టెకుగాని హాని కలుగలేదు.

“ఇది ఇట్లే నడచినచో ఏమగును?” అని బాలుడు మెల్లగా నడిగెను.

“బుడిపె షాఫ్టును రాచును. నూనె పొర తెగును. వేడి పుట్టును. బహుశః నూరు కిలోమీటర్లు పోవును. షాఫ్టు పోవును, పెట్టె పోవును. నీవు చెప్పితివి కనుక ఒక బేరింగు పోయినది. చెప్పకున్న యంత్రమే పోవును. నేనును తొందరపడితిని; సర్దుకొనునని అనరాదు. లోహము సర్దుకొనదు, అబ్బాయీ, మనమే సర్దుకొనవలయును.”

బేరింగుల జత మరల తెప్పించుటకు పండ్రెండు దినములు పట్టెను. ఆ దినములలో బాలుడు ఊరక యుండలేదు. పిస్టను రింగులను ఒక్కొక్కటిగా సిలిండరులో నుంచి, వాని కొనల నడుమ ఎడమును ఫీలరు గేజితో కొలిచెను. 0.30 నుండి 0.45 మిల్లీమీటరు వరకు ఉండవలసియుండగా అన్నియు సరిగా నుండెను. కొలిచిన సంఖ్యలను నోటుపుస్తకమున వ్రాసెను. రింగుల కొనలు ఒకే వరుసలోనున్నచో వాయువులు ఆ సందులగుండ జారిపోవును. కావున ఒకదానికొకటి దూరముగా నుండునట్లు త్రిప్పి యుంచవలయునని తెలిసికొనెను.

క్రొత్త బేరింగు వచ్చినప్పుడు బాలుడు ముందుగా రంధ్రమున్న చోట అంచుపై పెన్సిలుతో గీత గీసికొనెను. గీతను మేకునకు ఎదురుగా తెచ్చి త్రిప్పగా ‘టక్’ మనెను. మామయ్యను పిలిచి మరియొకసారి వినిపించెను. ఈ పర్యాయము ఆరు నట్టులు బిగించిన తరువాత షాఫ్టు రెండు వ్రేళ్లతో తిరిగెను.

అటుపిమ్మట పనులు వరుసగా సాగెను. బరువైన చక్రమును పట్టియుంచు పెద్ద నట్టును 30 కిలోగ్రాము-మీటర్ల బలముతో బిగించవలయును. అనగా మీటరు పొడవు గల గొట్టము చివర 30 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము. పిస్టన్లపై నున్న బాణపు గుర్తులు చక్రము వైపునకు చూచునట్లు కూర్చిరి. సిలిండర్లను తొడిగి, తలలను వరుసక్రమమున బిగించి, వాల్వుల యెడమును 0.15 మిల్లీమీటరునకు సరిచేసిరి. చిన్న వంకర రేకును బాలుడు తన చేతితోనే బిగించెను. రేకుల గూడు, పంకా, దానిని త్రిప్పు బెల్టు అమరినవి. యంత్రమును కారులోనికి ఎక్కించి నాలుగు బోల్టులు బిగించి, రెండున్నర లీటర్ల నూనె పోసిరి.

వెంటనే యంత్రమును నడపరాదు. క్రొత్త బేరింగులకు నూనె చేరవలయును. స్పార్కు ప్లగ్గులు లేకుండ స్టార్టరుతో యంత్రమును త్రిప్పుచుండగా, కొంతసేపటికి నూనె దీపము ఆరిపోయెను. నూనె ఒత్తిడి పుట్టినదని దాని యర్థము. అప్పుడు ప్లగ్గులు బిగించి మరల త్రిప్పిరి. యంత్రము రెండుమారులు దగ్గి, పొగ చిమ్మి, మూడవమారు అందుకొనెను. వసారాలో తాత లేచి నిలుచుండెను.

చదునైన దారులలో 500 కిలోమీటర్లు మెల్లగా నడపి, నూనె మార్చి, వాల్వుల యెడమును మరల కొలిచిన తరువాత, ఒక ఉదయమున ముగ్గురును కొండకు బయలుదేరిరి. కనుమదారి మొదటి మలుపు దగ్గర యంత్రము బరువెక్కెను. మామయ్య గేరు తగ్గించెను.

“గేరు తగ్గించినచో యంత్రము వేగముగా తిరుగును. యంత్రముతో పంకా వేగముగా తిరుగును. ఎక్కుడులో మనకు గాలి కావలయును గదా!” అని బాలుడు తాతకు చెప్పెను.

“ఆ ఎర్రదీపము ఏమిటిరా?” అని తాత అడిగెను.

“అది వెలిగినచో జనరేటరు తిరుగుట లేదని, తాతయ్యా. జనరేటరును, పంకాను త్రిప్పునది ఒకే బెల్టు. బెల్టు తెగినచో ముందు ఆ దీపము వెలుగును. వెలిగిన వెంటనే కారు ఆపవలయును. ఇంకొంత దూరమే కదా యని పోరాదు.”

దీపము వెలుగలేదు. మలుపు తరువాత మలుపు దాటి కారు పైకి చేరెను. మామయ్య దానిని నీడలో నిలిపెను. వెనుక మూత తెరచి, వాసన చూచి, చెవియొగ్గి విని, తల యూచెను. తాత చేతికర్ర యూని మెల్లగా చెరువు గట్టునకు నడచి, ఆ నీటిని చాలసేపు చూచెను.

“ఈ గట్టు రాళ్లు పేర్చినవారిని ఎవరును ఎరుగరు. ఒక్క రాయి వదులుగా పెట్టియుండినచో నీరు నిలుచునా?” అనెను.

బాలుడు కారు వైపు చూచెను. లోపల ఎక్కడనో, ఎవరికిని కనబడని చోట, ఆ చిన్న రేకు తన పని తాను చేసి చల్లబడుచుండెను.